మెడ నిలపని బిడ్డ

నాలుగో నెల నిండినా బిడ్డ మెడ నిలపకపోతే మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే మాట ఒకటే: "వాళ్ల నాయన కూడా ఆలస్యంగానే నడిచినాడు లేమ్మా, తొందరేముంది?" చాలామంది పిల్లల విషయంలో ఈ మాట నిజమే అవుతుంది. కొందరు పిల్లలు నెలో రెండు నెలలో వెనకబడి, ఆ తర్వాత అందరితో సమానంగా పరుగెత్తుతారు. కాని అదే మాట నమ్మి కూర్చుంటే తిరిగి రాని నష్టం జరిగే జబ్బు ఒకటి ఉంది. దాని పేరు స్పైనల్ మస్క్యులర్ ఏట్రఫీ. పొట్టిగా ఎస్.ఎం.ఏ. అంటారు. "పదహారు కోట్ల ఇంజెక్షను" కోసం తల్లిదండ్రులు విరాళాలు అడుగుతున్నారని పత్రికల్లో మీరు చదివే ఉంటారు. ఆ జబ్బు ఇదే.

అనంతపురం వంటి ప్రాంతంలో ఈ జబ్బు సంగతి ప్రత్యేకంగా ఎందుకు చెప్పుకోవాలి? ఒక కారణం మేనరికం. ఏటా 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే ఈ మెట్ట సీమలో, ఉన్న నాలుగెకరాలూ చేయి దాటిపోకూడదని, ఆడపిల్ల తెలిసిన గడపలోనే ఉండాలని, అక్క కూతుర్నో అత్త కూతుర్నో చేసుకోవడం తరతరాలుగా ఉంది. రెండో కారణం ఇంకా ముఖ్యం. ఒకప్పుడు మందు లేని ఈ జబ్బుకు ఇప్పుడు మందులు వచ్చాయి. వాటి ధర కూడా దిగి వస్తోంది. అయితే అవి పనిచేయాలంటే బిడ్డను వేళకు తీసుకురావాలి.

చూపు చురుకు, ఒళ్లు మెత్తన

మన మెదడు నుంచి కండరాలకు వచ్చే ఆజ్ఞలు వెన్నుపాములో ఉన్న నరకణాల ద్వారా వస్తాయి. ఎస్.ఎం.ఏ. ఉన్న పిల్లల్లో ఈ నరకణాలు ఒక్కటొక్కటే చచ్చిపోతాయి. ఆజ్ఞ అందని కండరం పని లేక సన్నబడిపోతుంది. మొదట తొడలు, భుజాలు, మెడ. తర్వాత పక్కటెముకల మధ్య కండరాలు. చివరకు మింగడం, దగ్గడం, ఊపిరి తీయడం కూడా కష్టమవుతుంది.

ఈ జబ్బును మొదట 1891లో గైడో వెర్డ్నిగ్, 1893లో యోహాన్ హాఫ్‌మన్ అనే వైద్యులు వర్ణించారు. తీవ్రతను బట్టి దీన్ని రకాలుగా విడదీశారు. మొదటి రకం ఆరు నెలల లోపే కనబడుతుంది. ఆ బిడ్డ ఎప్పటికీ తనంతట తాను కూర్చోలేదు. వైద్యం లేకపోతే చాలామంది రెండేళ్లు దాటరు. రెండో రకం ఆరు నుంచి పద్దెనిమిది నెలల మధ్య బయటపడుతుంది. బిడ్డ కూర్చుంటుంది గాని నడవదు. మూడో రకంలో నడక వస్తుంది. తర్వాత మెట్లెక్కడం, నేలమీద నుంచి లేవడం కష్టమవుతాయి.

ఇందులో తల్లులు గుర్తుంచుకోవలసిన విశేషం ఒకటుంది. ఈ పిల్లలకు బుద్ధిలో ఏ లోటూ ఉండదు. కళ్లు చురుగ్గా తిరుగుతాయి. తల్లి ముఖం చూసి నవ్వుతారు. గిలక ఊపితే అటే చూస్తారు. ఒళ్లు మాత్రం తడిగుడ్డలా వాలిపోతుంది. చూపు చురుగ్గా ఉండి ఒళ్లు మెత్తగా ఉంటే అనుమానించవలసింది ఈ జబ్బునే.

ఓళిగల పుస్తకం

ఇంతకూ ఆ నరకణాలు ఎందుకు చస్తాయి? దీనికి జవాబు దొరికిన తీరు చాలా చిత్రమైనది. కొంచెం ఓపిగ్గా చదవండి.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణానికీ ఒక కేంద్రకం, అందులో డి.ఎన్.ఏ. ఉంటాయి. డి.ఎన్.ఏ.ను అమ్మమ్మ రాసిపెట్టిన వంటల పుస్తకం అనుకోండి. ఒక్కో వంట ఒక్కో జన్యువు. ఆ పుస్తకాన్ని పూజగది దాటి బయటకు తేరు. కోడలు కావలసిన వంటను ఒక కాగితం మీద నకలు రాసుకుని వంటింట్లోకి వెళుతుంది. ఆ నకలు కాగితమే ఆర్.ఎన్.ఏ. వంటింట్లో తయారయ్యే పదార్థం ప్రోటీను.

అయితే అమ్మమ్మ పొదుపరి. ఓళిగల తయారీ రాస్తూ రాస్తూ మధ్యలో పాలవాడి లెక్క, మళ్లీ రెండు పంక్తుల ఓళిగలు, ఆ తర్వాత చాకలి పద్దు, ఇలా అన్నీ ఒకే పేజీలో రాసేసింది. మన జన్యువులు కూడా సరిగ్గా ఇలాగే ఉంటాయని 1977లో తెలిసింది. కనుక్కున్న రిచర్డ్ రాబర్ట్స్, ఫిలిప్ షార్ప్‌లకు 1993లో నోబెల్ బహుమానం వచ్చింది. కణం మొదట పేజీ మొత్తాన్ని నకలు తీస్తుంది. ఆ తర్వాత పాల లెక్కలూ చాకలి పద్దులూ కత్తిరించి పారేసి, వంటకు సంబంధించిన పంక్తులను వరుసగా అతికిస్తుంది. ఆ అతికించిన కాగితమే వంటింట్లోకి వెళ్లాలి.

ఎక్కడ కత్తిరించాలో కణానికి ఎవరు చెబుతారు? ఆ పని చేసేది కూడా ఆర్.ఎన్.ఏ.యే. యు-1 అనే పేరుగల చిన్న ఆర్.ఎన్.ఏ. ఒకటి నకలు కాగితం వెంబడి వెదుకుతూ పోతుంది. ఆర్.ఎన్.ఏ.లో ఉన్నవి నాలుగే అక్షరాలు: ఎ, యు, జి, సి. వీటిలో ఎ ఎదుట యు, జి ఎదుట సి అతుక్కుంటాయి, జాకెట్టు హుక్కూ కాజా లాగ. వంట పంక్తి ముగిసి పాల లెక్క మొదలయ్యే చోట ఉన్న అక్షరాలకు యు-1 అక్షరాలు హుక్కుల్లా పడతాయి. "ఇక్కడ కత్తిరించండి" అన్న గుర్తు అదే. 1980 ప్రాంతంలో అమెరికాలో జోన్ స్టైట్జ్, ఆమె శిష్యుడు మైకేల్ లెర్నర్ ఈ సంగతి బయటపెట్టారు.

ఒక ఆర్.ఎన్.ఏ. ఇంకొక ఆర్.ఎన్.ఏ.ను పట్టుకుని జన్యువు పనిని దిద్దడం ఇదొక్కచోటే జరిగేది కాదు. మిల్లీమీటరు పొడవుండే ఒక పురుగులో, ఇరవై రెండు అక్షరాల బుల్లి ఆర్.ఎన్.ఏ. ఇంకొక జన్యువు తాలూకు నకలుకు అతుక్కుని ఆ వంట సాగనివ్వకుండా ఆపుతుందని 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్ కనిపెట్టారు. మనిషిలోనూ ఇలాంటివి వందల సంఖ్యలో ఉన్నాయి. ఈ పనికి వారికి 2024లో నోబెల్ వచ్చింది. కంటి కణంలోనూ కాలేయ కణంలోనూ ఉన్నది ఒకే పుస్తకమైనా ఏ ఇంట ఏ వంట వండాలి, ఎంత వండాలి అన్నది నిర్ణయించే వాటిలో ఈ చిన్న ఆర్.ఎన్.ఏ.లూ ఉన్నాయి.

ఒక్క అక్షరం చేసిన పని

ఇప్పుడు మన బిడ్డ దగ్గరకు వద్దాం. వెన్నుపాములోని నరకణాలు బతకడానికి ఎస్.ఎం.ఎన్. అనే ప్రోటీను కావాలి. దాని జన్యువును 1995లో ఫ్రాన్సులో జుడిత్ మెల్కీ బృందం కనుక్కుంది. అది ఐదో క్రోమోజోము మీద ఉంది. విశేషమేమంటే, పక్కనే దానికి కవల లాంటి జన్యువు ఇంకొకటి ఉంది. మొదటిదాన్ని ఎస్.ఎం.ఎన్.-1 అనీ రెండోదాన్ని ఎస్.ఎం.ఎన్.-2 అనీ అంటారు.

ఎస్.ఎం.ఏ. పిల్లల్లో నూటికి 95 మందికి మొదటి జన్యువు రెండు ప్రతుల్లోనూ పనికొచ్చే భాగం లేకుండా పోయి ఉంటుంది. మరి రెండోది ఉంది కదా, అది ఆదుకోదా? ఆదుకోవాలి. రాతలో రెండింటికీ తేడా అతి స్వల్పం. కాని ఏడవ పంక్తిలో ఒకచోట సి ఉండవలసిన చోట టి ఉంది. ప్రోటీను రుచిని అది మార్చదు. కత్తిరించేవాళ్లను మాత్రం పొరబాటు పడేస్తుంది. ఏడవ పంక్తిని వంటలో భాగంగా గాక పాల లెక్కగా భావించి, చాలాసార్లు దాన్ని కూడా కత్తిరించి పారేస్తారు.

"బేడలు ఉడికాక నీళ్లు పూర్తిగా వంచేయాలి" అన్న పంక్తి ఎగిరిపోయిన ఓళిగల తయారీ ఎలా ఉంటుందో ఊహించండి. పూర్ణం జావైపోతుంది. ఓళిగ పెనం మీదికి చేరదు. అలాగే ఏడవ పంక్తి లేని ప్రోటీను కణంలో నిలవదు, వెంటనే విరిగిపోతుంది. రెండో జన్యువు నుంచి సవ్యమైన ప్రోటీను వచ్చేది పదో వంతు మాత్రమే. ఒక బిడ్డకు ఎస్.ఎం.ఎన్.-2 ప్రతులు రెండే ఉండవచ్చు, ఇంకొక బిడ్డకు మూడో నాలుగో ఉండవచ్చు. ఎక్కువ ప్రతులుంటే ఆ పదో వంతులే కూడి జబ్బు సాధారణంగా కొంత తేలిగ్గా ఉంటుంది.

నకలును దిద్దే మందులు

పుస్తకం చిరిగిపోయిందని ఏళ్ల తరబడి అందరూ నిరాశపడ్డారు. కొందరు శాస్త్రజ్ఞులకు వేరే ఆలోచన వచ్చింది. రెండో పుస్తకం ఉండనే ఉంది. దాని నకలును సరిగ్గా కత్తిరించేలా చేస్తే చాలదా?

ఏడవ పంక్తి దాటగానే, చాకలి పద్దులో, "దీన్ని వదిలేయండి" అని ప్రోత్సహించే గుర్తు ఒకటి ఉందని 2006లో రవీంద్ర సింగ్ బృందం అమెరికాలో కనుక్కుంది. ఆ గుర్తు కనబడకుండా మూసేస్తే ఏడవ పంక్తి నిలుస్తుంది. న్యూయార్కు దగ్గర కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలలో ఏడ్రియన్ క్రైనర్ బృందం, ఒక మందుల కంపెనీతో కలసి, ఆ గుర్తుకు హుక్కుల్లా సరిపోయే పద్దెనిమిది అక్షరాల ముక్కను తయారు చేసింది. అది ఆర్.ఎన్.ఏ.ను పోలినదే, కాని ఒంట్లో తొందరగా కరిగిపోకుండా మార్చినది. అదే నుసినర్సెన్. అమెరికాలో 2016 డిసెంబరులో అనుమతి వచ్చింది. దీన్ని నడుము దగ్గర వెన్నునీటిలోకి ఎక్కిస్తారు. మొదటి రెండు నెలల్లో నాలుగు మోతాదులు, తర్వాత నాలుగు నెలలకొకటి.

రెండోది రిస్డిప్లాం. ఇది నోటితో రోజూ తాగించే మందు. 2020 ఆగస్టులో అమెరికా అనుమతి పొందింది. ఇది మనం ముందు చెప్పుకున్న యు-1 ఏడవ పంక్తి చివర గట్టిగా పట్టుకునేలా చూస్తుంది. వదులుగా ఉన్న హుక్కును బిగించడం వంటిది.

మూడోది ఆ పదహారు కోట్ల ఇంజెక్షను. ఇది నకలును దిద్దదు. పోయిన మొదటి జన్యువు తాలూకు కొత్త ప్రతినే, జబ్బు చేయని ఒక వైరస్ మీద ఎక్కించి పంపుతుంది. 2019లో అమెరికాలో రెండేళ్ల లోపు పిల్లలకు అనుమతించారు.

ఈ మూడింటికీ ఒక షరతు ఉంది. చచ్చిన నరకణాన్ని ఏ మందూ బతికించదు. ఉన్నవాటిని మాత్రమే నిలుపుతుంది. లక్షణాలు కనబడకముందే, రక్తపరీక్షలో తేలిన 25 మంది పసిపిల్లలకు నుసినర్సెన్ ఇచ్చి చూసిన పరిశోధనలో అందరూ కూర్చోగలిగారు, అత్యధికులు నడవగలిగారు. అదే మందు ఆలస్యంగా మొదలుపెట్టిన పిల్లల్లో ఇంత ఫలితం రాలేదు. అందుకే "చూద్దాం, ఇంకో రెండు నెలలు" అన్న మాట ఈ జబ్బులో చాలా ఖరీదైనది.

ఖర్చు సంగతి

రిస్డిప్లాం మన దేశంలో సీసా ఒక్కంటికి సుమారు 6 లక్షల రూపాయలకు అమ్మారు. దీన్ని తక్కువ ధరకు తయారు చేయడానికి హైదరాబాదుకు చెందిన నాట్కో కంపెనీ పూనుకుంటే పేటెంటు మీద వ్యాజ్యం నడిచింది. ఢిల్లీ హైకోర్టు నాట్కోను ఆపడానికి నిరాకరించింది. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా అందులో జోక్యం చేసుకోలేదు. నాట్కో ఆ మందును సీసా 15,900 రూపాయల ధరకు విడుదల చేసింది.

సీసాలో 60 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. బరువును బట్టి మోతాదు. పది కిలోల రెండేళ్ల బిడ్డకు రోజుకు రెండున్నర మిల్లీగ్రాములు, అంటే సీసా 24 రోజులకు వస్తుంది. ఆ ధరన ఏడాదికి సుమారు రెండు లక్షల నలభై వేలు. ఇరవై కిలోలు దాటితే దాదాపు దానికి రెట్టింపు. వేరుశనగ పండితే పండినట్లు, లేకుంటే లేనట్లు బతికే కుటుంబానికి ఇదీ తక్కువ మొత్తం కాదు. కాని కోట్ల నుంచి లక్షలకు దిగింది. అసాధ్యం అనుకున్నది, సహాయం దొరికితే సాధ్యం అయ్యే చోటికి వచ్చింది.

సహాయానికి దారులున్నాయి. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో ఎస్.ఎం.ఏ. కూడా ఉంది. గుర్తింపు పొందిన కేంద్రంలో పేరు నమోదైన రోగికి 50 లక్షల వరకు సహాయం చేసేలా 2022లో దాన్ని సవరించారు. తెలుగువారికి దగ్గరలో ఉన్న అలాంటి కేంద్రం హైదరాబాదు నిమ్స్ ఆస్పత్రి. పరీక్ష నివేదికలన్నీ భద్రపరచుకుని, తొందరగా నమోదు చేయించుకోండి.

మేనరికం లెక్క

దాదాపు ప్రతి జన్యువూ మనకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఎస్.ఎం.ఎన్.-1 ఒక ప్రతి చెడి ఇంకొకటి బాగుంటే జబ్బు రాదు. ఆ మనిషికి ఏ లక్షణమూ ఉండదు. ఇలా లోపాన్ని మోసేవారు సుమారు యాభై మందిలో ఒకరు ఉంటారు. మోసే ఇద్దరు దంపతులైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

ఇప్పుడు లెక్క చూడండి. చుట్టరికం లేని దంపతులకు: యాభైలో ఒకటి, మళ్లీ యాభైలో ఒకటి, దాన్లో నాలుగో వంతు. అంటే పదివేల కాన్పుల్లో ఒకటి. అత్త కూతుర్నో మామ కూతుర్నో చేసుకుంటే, ఒకరిలో ఉన్న లోపం రెండో వారిలోనూ ఉండే అవకాశం ఎనిమిదింట ఒక వంతు. లెక్క 1,600లో ఒకటికి చేరుతుంది. అక్క కూతుర్ని చేసుకుంటే ఆ అవకాశం నాలుగింట ఒక వంతు. లెక్క 800లో ఒకటి అవుతుంది. అంటే పన్నెండు రెట్లు పైనే.

ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. 800లో 799 మందికి ఈ జబ్బు రాదన్నదీ అదే లెక్క. కాని ఇలా రెండు వైపుల నుంచి లోపం కలిస్తేనే వచ్చే జబ్బులు ఇదొక్కటే కాదు, చాలా ఉన్నాయి. పుట్టు చెవుడు రకాలు కొన్ని, తలసీమియా అందులోవే. ఆంధ్రదేశంలో మేనరికాల సంఖ్యనూ, వాటి ఫలితాలనూ 1960ల తొలినాళ్లలోనే పిఠాపురం వాడైన ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖాన్‌తో కలసి అధ్యయనం చేశారు. ఈయన ప్రసిద్ధ జన్యుశాస్త్రజ్ఞుడు హాల్డేన్ శిష్యుడు. అప్పుడు లెక్క కట్టడమే సాధ్యం. ఇప్పుడు ఒక్క రక్తపరీక్షతో ముందే తెలుసుకోవచ్చు.

ఎప్పుడు ఆస్పత్రికి రావాలి?

ఈ కింది వాటిలో ఏది కనబడినా ఆగవద్దు.

నాలుగు నెలలు నిండినా మెడ నిలపకపోవడం. పడుకోబెడితే కాళ్లు కప్పలాగ రెండు వైపులకూ పడిపోవడం. చేతుల కింద పట్టి ఎత్తితే బిడ్డ జారిపోతున్నట్లుండడం. ఏడుపు సన్నగా, నీరసంగా ఉండడం. పాలు తాగుతూ అలసిపోవడం, తరచు పొలమారడం. ఊపిరి తీస్తే రొమ్ము లోపలికి పోయి పొట్ట మాత్రం ఎగరడం. నాలుక మీద సన్నటి వణుకు. తొమ్మిది నెలలకూ కూర్చోకపోవడం. ముందు వచ్చిన పని, ఉదాహరణకు బోర్లా పడడం, తర్వాత పోవడం.

ముందు దగ్గరలోని ప్రభుత్వాస్పత్రి పిల్లల డాక్టరుకు చూపండి. పిల్లల ఎదుగుదల లోపాలు చూడడానికి జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నాయి. అంగన్‌వాడీ కార్యకర్తకు చెప్పినా దారి చూపుతారు. నిర్ధారణకు కావలసింది కొద్దిపాటి రక్తం, అందులో ఎస్.ఎం.ఎన్. జన్యు పరీక్ష. కండరం ముక్క తీయవలసిన అవసరం చాలామందిలో ఉండదు. హైదరాబాదులో నిమ్స్ జన్యు విభాగం, ఉప్పల్‌లోని సి.డి.ఎఫ్.డి. సంస్థ జన్యు వ్యాధుల నిర్ధారణకు పేరున్నవి.

ఇంకొక హెచ్చరిక. ఆడుతూ తిరుగుతున్న బిడ్డకు ఉన్నట్టుండి కాలో చెయ్యో పడిపోతే అది వేరే సంగతి. ఆనాడే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ఇంట్లో చేయవలసినవి

మందు దొరికినా దొరకకపోయినా ఇవి తప్పవు. పాలూ అన్నమూ బిడ్డను పడుకోబెట్టి పట్టవద్దు, తల ఎత్తిపెట్టి కొద్దికొద్దిగా పట్టండి. ఎక్కువ సేపు పస్తు ఉంచవద్దు. ఈ పిల్లలు ఆకలికి తట్టుకోలేరు. టీకాలు వేళకు వేయించండి. జలుబూ దగ్గూ వస్తే మర్నాటికి వాయిదా వేయవద్దు, వీరికి ప్రమాదం ఊపిరితిత్తుల నుంచే వస్తుంది. ఫిజియోథెరపీ వారు నేర్పిన వ్యాయామాలు రోజూ చేయించండి. కీళ్లు బిగుసుకోకుండా, వెన్ను వంగకుండా అవి కాపాడతాయి. గట్టిగా కీళ్లు విరిచే మాలీషులు, నాటు పసర్లు పోయడం, వాతలు పెట్టడం వద్దే వద్దు. బడి వయసు వస్తే బడికి పంపండి. కాళ్లు కదలకపోయినా ఆ పిల్లల తెలివి అందరితో సమానం.

తరచు అడిగే ప్రశ్నలు

గ్రహణం రోజు బయటకు వచ్చినందుకు, కడుపుతో ఉన్నప్పుడు పత్యం తప్పినందుకు ఇది వస్తుందా?

రాదు. తల్లి తిన్నదానికీ చేసినదానికీ దీనితో సంబంధం లేదు. లోపం తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తుంది. కోడల్ని నిందించే అత్తగారు తన కొడుకు వాటా కూడా గుర్తుంచుకోవాలి. నిజానికి నింద ఎవరికీ లేదు. తమలో ఉన్న అక్షరాలు ఎవరూ ఎంచుకుని పుట్టరు.

మొదటి బిడ్డకు ఈ జబ్బు వచ్చింది. రెండో కాన్పు సంగతి?

ప్రతి కాన్పుకూ అవకాశం నాలుగింట ఒక వంతే. ఒకసారి వచ్చింది గనుక మూడుసార్లు రాదని అర్థం కాదు. తిరిగి గర్భం ధరించకముందే దంపతులిద్దరూ పరీక్ష చేయించుకుని జన్యు వైద్యుని సలహా తీసుకోవాలి. గర్భం పదకొండో వారం దాటాక మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డకు జబ్బు ఉందో లేదో చూడవచ్చు. ఇది అనుమతి పొందిన కేంద్రాల్లోనే చేయాలి. బిడ్డ ఆడో మగో చెప్పడం మాత్రం 1994 నాటి చట్టం ప్రకారం నేరం.

మాది మేనరికమే. పెళ్లయిపోయింది. ఇప్పుడేం చేయాలి?

కంగారు పడనవసరం లేదు. పిల్లలను కనబోయే ముందు ఒకసారి పరీక్ష చేయించుకోండి. ముందు భార్యాభర్తల్లో ఒకరికి చేసినా చాలు. లోపం తేలితే రెండో వారికి చేయవచ్చు. ఇద్దరి వైపు బంధువుల్లో పసితనంలోనే ఒళ్లు మెత్తబడి పోయిన బిడ్డలెవరైనా ఉన్నారా అని పెద్దలను అడిగి, ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. "అప్పట్లో పోలియో అనుకున్నాం" అని వాళ్లు చెప్పే బిడ్డకు ఉన్నది ఈ జబ్బే కావచ్చు.

ఇంకా సంబంధాలు చూస్తున్నవారు జాతకాలతో పాటు ఈ పరీక్ష గురించి కూడా మాట్లాడుకోవడం మంచిది. ఇంట్లో నాలుగు నెలల పాప ఉంటే, ఈరోజే బోర్లా పడుకోబెట్టి తల ఎత్తుతుందో లేదో చూడండి. ఎత్తకపోతే రేపే ఆస్పత్రికి తీసుకురండి.